మాధవాయిపాలెం రేవులో పంటెక్కితే

భీష్మ ఏకాదశి దగ్గరపడుతోందంటే నాకు నరసాపురం రేవు గుర్తొస్తుంది. అంతర్వేది తీర్థానికి ఈ వైపు నుంచి కారులోనో, మోటారు సైకిలు మీదనో బయల్దేరినవాళ్లకు దగ్గర దారి ఇప్పటికీ వశిష్ఠ గోదావరి మీదుగానే. మాధవాయిపాలెంలో బండితో సహా పంటెక్కితే అవతల గట్టు సఖినేటిపల్లి. ఏటా తీర్థం ముందు ఈ రేవు గురించి రాద్దామనుకుంటూనే ఉన్నాను.

గోదావరి పాయల కథ పాతది. సప్తర్షుల పేర్లున్న ఏడు పాయల దగ్గరా స్నానాలు చేసుకుంటూ సప్తసాగర యాత్రికులు చివరికి అంతర్వేది చేరేవారు. రెడ్డిరాజులు, గజపతులు ఏలి వెళ్లారు, గోల్కొండ సుల్తానులు వచ్చారు. ఆ శతాబ్దాలన్నీ దాటేసి గబగబా 17వ శతాబ్దానికి వచ్చేస్తాను. నా మనసంతా అక్కడే ఉంది.

ఇవాళ పంటు ఆగే ఈ మాధవాయిపాలెంలోనే అప్పుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. పక్కనే నరసాపురంలో డచ్చివాళ్లు. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం తీరాల్లో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ ఊరి గురించి రాసింది చదివితే ఛాతీ ఉప్పొంగుతుంది. ఓడలకు పనికొచ్చే మేలైన కలప ఇక్కడ కావలసినంత దొరికేదట. తీరం మొత్తం మీద మంచి ఇనుము ఇక్కడిదేనట. మేకులు, బోల్టులు, లంగర్లు ఊళ్లో కమ్మరి కొలుముల్లోనే తయారయ్యేవి. ఇంగ్లీషు వర్తకులు ఏటా వచ్చి ఇక్కడే ఓడలు కట్టించుకునేవారు. కట్టిన ఓడను నీళ్లలోకి దింపడంలో మనవాళ్ల నేర్పు, ప్రపంచంలో తాను చూసిన ఏ రేవుకూ తీసిపోదని బౌరీ మెచ్చుకున్నాడు.

ఆ మెచ్చుకోలు చిన్నదేమీ కాదు. ఓడ కట్టడం ఒక ఎత్తు, దింపడం ఒక ఎత్తు. అంత బరువున్న కొయ్యను పోటు ఎక్కే వేళ చూసుకుని, ఒరిగిపోకుండా, ఏటిలోకి జార్చాలి. ఆ వడ్రంగుల్లో ఒక్కరి పేరైనా తెలిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో!

ఊరి పేరు మాత్రం ఓడలెక్కి పోయింది. ఇక్కడి నుంచి వెళ్లిన నూలు గుడ్డకు ఈ పేరే పడింది. మాధవాయిపాలెం కాస్తా ఇంగ్లీషువాళ్ల నోట నలిగి నలిగి ‘మడపోలం’ అయింది. ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఆ మాట ఇవాళ్టికీ ఉంది. పంటు టిక్కెట్టు కోసం నిలబడ్డప్పుడల్లా పక్కనున్నవాళ్లకు ఈ సంగతి చెప్పాలని మనసు కొట్టుకుంటుంది.

తర్వాత మొగలో ఇసుక మేటలు వేసింది, పెద్ద ఓడలు రావడం మానేశాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవలు పెరిగాయి. ఏరు దాటాలంటే మాత్రం పంటే. రెండు నావలు జతకట్టి, పైన బల్లలు పరిచి, ఎడ్లబండిని ఎద్దులతో సహా ఎక్కించేవారు. అవే బల్లల మీదికి తర్వాత కార్లొచ్చాయి, లారీలొచ్చాయి.

ఆపైన కథ ఒక వరసలో నడవదు. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి పేరిట వంతెన పడి అక్కడి పంటు పోయింది. చించినాడ వంతెనతో పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి రాజోలు చేరే దారి దొరికింది. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటు మిగిలింది. ఇక్కడా మిగిలింది. వంతెన కావాలని రెండు గట్లవాళ్లూ దశాబ్దాలుగా అడుగుతున్నారు. అడగాల్సిందే. అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషిని రేవులో కూర్చోబెట్టి పంటు కోసం చూడమనలేం. వరదొస్తే పంటు కట్టేస్తారు, మరీ పాటు తీస్తే ఇసుక తగులుతుంది. వంతెన రావాలనే నేనూ కోరుకుంటాను, వచ్చేలోగా ఒక్కసారైనా మీ బండితో ఈ ఏరు దాటమని కూడా అడుగుతాను.

మొన్న నేను దాటినప్పుడు కారు ముందు టైర్లు రేకు మీదికి ఎక్కగానే పంటు ఒక్కసారి కిందికి కుంగి మళ్లీ లేచింది. నా ముందు కొబ్బరికాయల వ్యాను. పక్కన ఒకావిడ లేసు మూట ఒళ్లో పెట్టుకుని స్కూటరు మీంచి దిగకుండానే కూర్చుంది. పంటు కుర్రాడు చక్రం కింద చెక్క దిమ్మ తన్ని అద్దం దగ్గరకొచ్చాడు.

“ఆయ్, గేర్లో పెట్టేశారాండీ? హ్యాండ్‌బ్రేకు కూడా లాగేయండి. మొగ గాలి తగులుద్ది, కాసేపు దిగి నిలబడండి.”

దిగి నిలబడ్డాను. మాధవాయిపాలెం మెల్లగా వెనక్కి జరుగుతోంది.