వస పోసినవాళ్ళు, నల్లమందు పెట్టినవాళ్ళు

మా అమ్మాయి పుట్టిన నలభై అయిదో రోజు సాయంత్రం నాకింకా గుర్తుంది. 1996 వేసవి. దీపాలు పెట్టేవేళకి మొదలుపెట్టి రాత్రి పదింటిదాకా గుక్కపట్టి ఏడ్చేది. పిడికిళ్ళు బిగించి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, ముఖమంతా కందగడ్డలా చేసుకుని ఏడుపు. అమ్మ సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తోంది. అత్తయ్య గ్రైప్ వాటర్ సీసా మూత తీస్తోంది. పక్కింటి పిన్నిగారు తమలపాకుకి ఆముదం రాసి, దీపం సెగకి వెచ్చచేసి పాప పొట్టమీద వెయ్యమంటోంది. బొడ్డు చుట్టూ ఇంగువ పట్టించమన్నారు ఇంకొకరు. తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళయినా పట్టొద్దన్నాడు డాక్టరు. ఇన్ని మందుల మధ్య అందరూ ఒప్పుకున్న విషయం ఒక్కటే. నేనేదో తినకూడనిది తిన్నాను. ఆ రోజునుంచి నా కంచంలో పప్పు పోయింది, ఆకుకూర పోయింది, పళ్ళు పోయాయి. పాప ఏడుపు మాత్రం పోలేదు.

ఇప్పుడు అదే అమ్మాయి తన పాపని భుజాన వేసుకుని ఫోన్లో అడుగుతోంది, “అమ్మా, ఏం పట్టించమంటావ్?” అని. జవాబు చెప్పేముందు, ఈ మందుల వెనకున్న కథ ఒకసారి నెమరు వేసుకోవాలనిపించింది.

బిడ్డ ఏడుపుకి ఆడదాన్ని కారణం చెయ్యడం మా అత్తయ్యతో మొదలవలేదు. సుశ్రుత సంహిత పసిపిల్లల్ని పట్టి పీడించే తొమ్మిది గ్రహాల్ని చెబుతుంది. అందులో ఆరు స్త్రీ గ్రహాలే. శకుని, రేవతి, పూతన, అంధపూతన, శీతపూతన, ముఖమండిక. పాలిచ్చే పూతనే విషమిచ్చే పూతన కూడా. ఆ అనుమానం మన పురిటిగదుల్లోకి ఎప్పుడు వచ్చిందోగానీ, ఇప్పటికీ గుమ్మం దాటి పోలేదు.

కానీ ఆడవాళ్ళ చేతుల్లో మరో శాస్త్రం కూడా ఉంది. ఉగ్గుగిన్నె, సానరాయి, వస, కరక్కాయ, జాజికాయ, వాము. దేన్ని ఎన్ని చుట్లు అరగదియ్యాలో అమ్మకి ఏ పుస్తకం చెప్పలేదు, వాళ్ళమ్మ చేతిని చూసి నేర్చుకుంది. వాటిలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది వస. కడుపునొప్పికని పట్టించే ఆ కొమ్ము మాటలు కూడా తెప్పిస్తుందని మనవాళ్ళ నమ్మకం. వాగుడుకాయ పిల్లని వసపిట్ట అంటాం. “చిన్నప్పుడు దీనికి వస ఎక్కువ పోశారు” అని దెప్పుతాం. ఆ మాట ఎక్కువగా ఆడపిల్లల మీదే పడుతుంది. మీటింగుల్లో నోరు తెరిచిన ప్రతిసారీ నేనూ పడ్డాను.

అలాగని అమ్మమ్మల వైద్యమంతా అమృతమని చెప్పను. వసలో ఉండే బీటా ఆసరోన్ అనే పదార్థం జంతువుల మీద ప్రయోగాల్లో క్యాన్సర్ కలిగించిందని తేలాక, 1968లో అమెరికా దాన్ని ఆహారపదార్థాల్లో వాడకుండా నిషేధించింది. అమ్మ సానరాయిని ప్రేమించడం వేరు, దాన్ని మనవరాలి నోట్లో పెట్టడం వేరు.

వస మాటలిచ్చే మందయితే, మాట పడగొట్టే మందు నల్లమందు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ‘గాడ్‌ఫ్రేస్ కార్డియల్’ అనే నల్లమందు పానకం పసిపిల్లలకు పట్టేవారు. ఫ్యాక్టరీ కూలీల బతుకుల గురించి 1845లో రాసిన పుస్తకంలో ఎంగెల్స్ దాని పేరు చెప్పి మరీ రాశాడు. అమెరికాలో 1849 నుంచి ‘మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్’ అమ్మారు. సీసా మీద తల్లిలాంటి ఆడమనిషి పేరు, లోపల మార్ఫిన్. మందులో ఏముందో సీసామీద రాయాలని 1906లో చట్టం వచ్చేదాకా, తాము పట్టిస్తున్నదేమిటో తల్లులకు తెలిసే దారి లేదు. 1911లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ మందుని పిల్లల్ని చంపే మందుల్లో చేర్చింది.

మనదేశంలో బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్ళలో ఇదే పని ‘బాలగోలీ’ చేసింది. పన్నెండు గంటల పనికి వెళ్ళే తల్లి, బిడ్డ నాలుక మీద నల్లమందు మాత్ర పెట్టి వెళ్ళేది. 1929లో నియమించిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ 1931 నాటి తన నివేదికలో ఈ సంగతి ఎత్తింది. తల్లుల అజ్ఞానమని అందరూ ముక్కున వేలేసుకునే చోట, ఆ కమిషన్ ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీల్లో పిల్లల్ని చూసే గదులుండాలని కూడా అంది. ఏడుపుకి నేను చదివిన మందుల్లో సరైన మందు అదొక్కటే.

ఈ సంగతి నేను పుస్తకాల్లో చదవకముందే మా నాయనమ్మ నోట విన్నాను. అమ్మ, అత్తయ్య వస గురించీ గ్రైప్ వాటర్ గురించీ వాదించుకుంటున్న ఆ రాత్రే. అప్పటిదాకా మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్న ముసలావిడ లేచి కూర్చుంది. తన రెండో బిడ్డ సంగతి చెప్పింది. గుంటూరు వైపు పొగాకు గ్రేడింగుకి వెళ్ళేదట. బిడ్డ ఏడిస్తే మేస్త్రీ తిట్టేవాడు, కూలి కోసేవాడు. పక్కన కూర్చున్న ఆవిడ ఆవగింజంత నల్లమందు చూపించింది. చెట్టుకి కట్టిన ఉయ్యాల్లో ఆ బిడ్డ రోజంతా కదలకుండా నిద్రపోయేవాడు. “బంగారంలాంటి బిడ్డ అనేవాళ్ళే అందరూ. ఓ రోజు సందేళ పాలిద్దామని తీస్తే లేవలా,” అంది. అరవై ఏళ్ళు ఆ మాట ఎవరితోనూ అనలేదట. మా నాన్నకి అలాంటి అన్న ఉన్నాడని మాకెవరికీ తెలియదు. “ఏడవనియ్యండే దాన్ని. ఎత్తుకు తిప్పండి. ఏడిచే బిడ్డకి భయం లేదు,” అని మళ్ళీ పడుకుంది.

అత్తయ్య చేతిలోని సీసాకీ చరిత్ర ఉంది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి తయారుచేశాడు. సోడా, సోయికూర గింజల నూనె, పంచదార, నీళ్ళు, వీటితోపాటు కాస్త ఆల్కహాలు. పాముల గొంతు నులిమే పసి హెర్క్యులిస్ బొమ్మ దాని గుర్తు. మన దగ్గర దాని ప్రకటనలో అమ్మమ్మలు, అమ్మలు వరసగా వచ్చి, నీ చిన్నప్పుడు నీకూ ఇదే పట్టించానని చెప్పేవాళ్ళు. సానరాయి మీద చేతినుంచి చేతికి వచ్చిన పరంపరని కంపెనీ సీసాలో పోసి మనకే అమ్మింది. బ్రిటన్‌లో 1992లో ఆల్కహాలు తీసేశారు. తీపి నాలుకకి తగిలితే బిడ్డ కాసేపు ఊరుకోవడం నిజమే. అంతకుమించి గ్రైప్ వాటర్ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

1954లో వెసెల్ అనే అమెరికన్ డాక్టరు ఈ ఏడుపుకి లెక్క కట్టాడు. రోజుకి మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడిస్తే కోలిక్ అన్నాడు. ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అంటే తొంభైరోజుల తరవాత ఏ మందు పట్టించినా ఆ మందే గెలుస్తుంది. తల్లి మాత్రం ఆ తొంభైరోజులూ నేరస్తురాలిగానే గడుపుతుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం యాభైమందికి మించి ఆడవాళ్ళున్నచోట శిశుగృహం ఉండాలంది. 1976లో ఆ సంఖ్యని ముప్ఫైకి తగ్గించారు. పొలంలో చెట్టుకి కట్టిన ఉయ్యాల ఆ లెక్కలోకి రాలేదు.

అమ్మాయికి ఫోన్లో ఇదంతా చెప్పలేదు. జ్వరమున్నా, పాలు తాగకపోయినా, వాంతులైనా, ఏడుపు తీరు మారినా వెంటనే డాక్టరు దగ్గరకి పొమ్మన్నాను. అవేవీ లేకపోతే ఏ మందూ వద్దన్నాను. “పప్పు తిను, ఆకుకూర తిను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిదాకా అబ్బాయిని ఎత్తుకోమను, ఎనిమిదికి మీ అత్తగారికివ్వు. నువ్వు వేరేగదిలో పడుకో” అన్నాను.

“అయినా ఏడిస్తే?” అంది.

“ఏడుస్తుంది,” అన్నాను. “దాని మాట అదే కదా ఇప్పటికి.”