లంబాడిపల్లి నవ్వితే లోకం చూసింది

జగిత్యాల పేరు రాష్ట్రమంతా మారుమోగిన రోజు 1978 సెప్టెంబరు 7. పల్లెల నుంచి కూలీలు, రైతులు బారులు తీరి పట్టణానికి నడిచొచ్చిన జైత్రయాత్ర అది. ఆ తర్వాత ఈ ప్రాంతం పేరు ఎక్కువగా వినిపించింది గల్ఫ్ వలసల కథనాల్లోనే. దుబాయికో మస్కట్‌కో పోయిన కొడుకులు, ఇంటి దగ్గర బీడీలు చుట్టే తల్లులు, అప్పుల పత్రాలు. కొండగట్టు అంజన్న కొలువున్న మల్యాల మండలంలోని లంబాడిపల్లి కూడా అలాంటి ఊరే. 2012లో శ్రీరాం శ్రీకాంత్ అక్కడ కెమెరా పట్టుకుని 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాడు. సెట్లు లేవు, పేరున్న నటులు లేరు. ఊరి వాకిళ్లు, పొలాలు, చెట్ల కింది గద్దెలే రంగస్థలం. ఊరివాళ్లే పాత్రధారులు.

2012 అంటే తెలంగాణ ఉద్యమం పతాక స్థాయిలో ఉన్న కాలం. ఉద్యమ సభల్లో పదే పదే వినిపించిన ఆవేదనల్లో భాషది పెద్ద వాటా. 'మా భూమి' లాంటి కొన్ని సినిమాలను పక్కన పెడితే, దశాబ్దాల పాటు తెలుగు తెర మీద తెలంగాణ యాస మాట్లాడింది ఎవరు? రౌడీ, పనిమనిషి, తాగుబోతు. కథానాయకుడు మాట్లాడే భాష వేరు, అతని పక్కన నిలబడి నవ్వించేవాడి భాష వేరు. ఇంట్లో అవ్వ మాట్లాడే మాట తెర మీద వినబడగానే హాలంతా నవ్వుతుంటే, ఆ నవ్వు తన అవ్వ మీదేనని గుర్తుపట్టిన పిల్లవాడికి ఎలా ఉంటుందో తెలంగాణలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

లంబాడిపల్లి వీడియోలు ఆ లెక్కను తిరగేశాయి. అక్కడ అత్తదీ అదే యాస, అల్లుడిదీ అదే యాస. సర్పంచ్, దుకాణదారు, పెళ్లిపిల్ల, పంతులు అందరూ అలాగే మాట్లాడతారు. అందరిదీ ఒకే భాష అయినప్పుడు నవ్వు భాష నుంచి రాదు. మనిషి గుణం నుంచి, చిక్కులో పడ్డ తీరు నుంచి, ఎదుటివాడు అందుకున్న మాట నుంచి వస్తుంది. ఈ బృందం చేసిన అసలు పని ఇదేనని నా నమ్మకం.

ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ విద్య కాదు. ఊరి మనుషుల తీరును ఊరి ముందే ఆడి చూపడం మనకు పాత అలవాటే. పగటివేషగాళ్లు సోమయాజులు, కోమటి, పఠాను వేషాలతో గడప గడపకూ వచ్చి, ఇంటివాళ్లను మాటల్లోకి లాగి అక్కడికక్కడే సంభాషణ అల్లేవారు. చిందు యక్షగానంలో పురాణకథ నడుస్తూ ఉండగానే హాస్యగాడు జొరబడి ఆ ఊరి సంగతులు ఎత్తుకునేవాడు. వాళ్లకు రాసిన సంభాషణల కన్నా సందర్భం ముఖ్యం.

ఈ వీడియోల్లో గంగవ్వ నటన చూస్తే ఆ సంప్రదాయం ఎక్కడికీ పోలేదనిపిస్తుంది. కూలి పనులు చేసి, బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. బడి చదువు లేదు కాబట్టి చేతికి స్క్రిప్టు ఇచ్చి ప్రయోజనం లేదు. సన్నివేశం ఏమిటో చెబితే చాలు, మాట ఆమెదే. ఆమె తిట్టే తిట్టును గమనించండి. మొదట గొంతు లేస్తుంది, మధ్యలో ఒక సామెత పడుతుంది, చివరికి ఆ కోపమే జాలిగా మారిపోతుంది. ఎదుటి నటుడు కంగారుపడి తడుముకుంటే ఆ తడబాటును కూడా అందుకుని ఇంకో మాట వేస్తుంది. నటన నేర్పే సంస్థల్లో ఏళ్ల తరబడి సాధన చేయించే ఈ గుణం ఆమెకు నాట్లలో, కలుపుల్లో, పదిమంది ఆడవాళ్ల మధ్య పని చేస్తూ అబ్బింది.

తొలి ఏళ్లలో చూసేవాళ్లు తక్కువ. అప్పట్లో ఒక జీబీ డేటాకు వందల రూపాయలు పెట్టాలి. పల్లెలో వీడియో చూడటమంటే ఎవరో మెమరీ కార్డులో ఎక్కించి ఇవ్వాల్సిందే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పరిస్థితి ఒక్కసారిగా మారింది. కూలికి పోయే మనిషి చేతిలోనూ, షార్జా లేబర్ క్యాంపులోని మంచం మీదా అదే వీడియో ఆడటం మొదలైంది. అప్పటికే నగరాల్లో కాలేజీ కుర్రాళ్ల షార్ట్ ఫిల్మ్‌లు పేరు తెచ్చుకున్నాయి, 'వైవా' ఒక్కదానితో నటుడు హర్ష ఇంటిపేరే 'వైవా'గా మారిపోయింది. అయితే అవన్నీ హాస్టల్, ఆఫీసు, ప్రేమ చుట్టూ తిరిగాయి. పల్లె తన కథ తానే చెప్పుకున్నది ఇక్కడే.

2018 ఆగస్టు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కెనడా గాయకుడు డ్రేక్ పాటకు కదులుతున్న కారులోంచి దిగి, దాని పక్కన నాట్యం చేసే 'కికి ఛాలెంజ్' ప్రపంచమంతా పాకింది. కాళ్లూ చేతులూ విరుగుతున్నాయని మన పోలీసులు హెచ్చరికలు ఇస్తున్నారు. ఆ సమయంలో ఈ బృందం నుంచి గీల అనిల్, రైతు పిల్లి తిరుపతి నాటుకు సిద్ధమవుతున్న బురద మడిలోకి దిగారు. కారు లేదు, ఎడ్ల జత ఉంది. ఎడ్లు తమ దారిన తాము నడుస్తుంటే వాటి పక్కన చిందేశారు. బురదలో దిగబడ్డ పాదాన్ని తాళం తప్పకుండా పైకి లాగాలంటే ఆ మడిలో పనిచేసిన ఒళ్లు కావాలి. ఎడ్ల వేగం తెలియాలి, అవి బెదరకూడదు. అమెరికా టీవీ వ్యాఖ్యాత ట్రెవర్ నోవా దాన్ని మెచ్చుకుంటూ పంచుకున్నాడు, దేశదేశాల పత్రికలు రాశాయి. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లతో మడి దున్నడం అరుదైపోయిన రోజుల్లో, ఆ పనిని లోకం కళ్లార్పకుండా చూసింది.

2020లో గంగవ్వ బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లింది. అప్పటికి ఆమెకు 60 ఏళ్లకు అటూఇటూ. ఏసీ గదులు ఒంటికి పడక, ఆరోగ్యం బాగాలేక మధ్యలోనే తిరిగొచ్చినా, సొంత ఇల్లు కట్టుకోవాలన్న కోరిక మరుసటి ఏడాది తీరింది. 'లవ్ స్టోరీ', 'గాడ్‌ఫాదర్' లాంటి సినిమాల్లో కనిపించింది. అనిల్ 2025లో 'మోతెవరి లవ్ స్టోరీ' వెబ్ సిరీస్‌లో కథానాయకుడయ్యాడు. ఈ యాస మాట్లాడే కుర్రాడు కథానాయకుడి పక్కన కాదు, అతని స్థానంలోనే నిలబడ్డాడు.

అన్ని వీడియోలూ గొప్పవని అనను. కొన్నింటిలో తాగుబోతు మొగుడి హాస్యం పాతబడింది, కొన్ని తొందరగా అల్లినట్టు తెలిసిపోతాయి. అయినా వాటిలోనూ విలువైనది ఉంది. పండగకు గడప అలికే తీరు, పంచాయితీలో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, అల్లుణ్ని అత్త ఏమని పిలుస్తుంది అన్నవి వెనకాల నమోదైపోతూనే ఉన్నాయి.

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసేటప్పుడు జనం తిండి, బట్ట, ఆటపాటల కోసం కావ్యాలన్నీ గాలించాల్సి వచ్చింది. సామాన్యుల జీవితాన్ని నేరుగా రాసిపెట్టినవాళ్లు అంత తక్కువ. మన కాలం గురించి రాయబోయేవాళ్లకు లంబాడిపల్లి లాంటి ఊళ్ల వీడియోలు ఉంటాయి, మనం దాచి ఉంచితే. ఇప్పుడు అవి ఒక ప్రైవేటు కంపెనీ సర్వర్లలో ఉన్నాయి. సురవరం పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయమే ఈ పని తలకెత్తుకోవాలి. వీడియోతో పాటు ఏ ఊళ్లో తీశారు, ఎప్పుడు తీశారు, ఏ మాట ఎవరు అన్నారు, ఏ మాటకు అర్థమేమిటి అన్నవీ గంగవ్వను, ఆమె ఈడు వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసుకోవాలి. వాళ్లు చెప్పగలిగిన ఈ రోజుల్లోనే.