పావురాల గూటికి చేరిన తేనెపట్టు బంక

తేనెటీగలు తెచ్చేది తేనె, పుప్పొడి మాత్రమే కాదు. చెట్ల మొగ్గల మీద, బెరడు పగుళ్లలో ఊరే జిగురును గీరి తెచ్చి, మైనం కలిపి, గూట్లోని సందులు పూడ్చుకుంటాయి. ఆ బంకే ప్రోపోలిస్. పావురాల అంటురోగాలకు యాంటీబయాటిక్‌ల బదులు దీన్ని వాడవచ్చని పెంపకందారులు అనడం మాత్రం ఇటీవలి మాట. ఆ నమ్మకం ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో చూస్తే ఈ బంక బలమెంతో, హద్దు ఎక్కడో తెలుస్తుంది.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ తేనెగూటి వాకిలికి పూసి ఉండే నల్లటి పదార్థం గురించి రాశాడు. కమిలిన దెబ్బలకూ చీము పట్టిన పుండ్లకూ అది మందని చెప్పాడు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాపులు తగ్గడానికీ, ఒంట్లో దిగిన ముళ్లు బయటికి రావడానికీ దీన్ని సిఫారసు చేశాడు. అదే కాలపు వైద్యుడు డయోస్కోరిడిస్ పాత దగ్గుకు దీని పొగ పట్టమన్నాడు. ప్రాచీనులు దీన్ని ఎక్కువగా పైపూతగానే వాడారు.

1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే తేనెటీగల పెంపకందారు ఒక సంగతి గమనించాడు. పెట్టెలోని చట్రాల చుట్టూ సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే తేనెటీగలు దాన్ని దారిగా వదిలేస్తాయి. అంతకన్నా సన్నని సందైతే బంకతో మూసేస్తాయి. ఆధునిక తేనె పెట్టె ఈ కొలత మీదే నిలబడింది. దాంతో చట్రాలను అతికించేసే ప్రోపోలిస్ చాలామంది తేనెటీగల పెంపకందారులకు గీకి పారేయాల్సిన బెడదగా మారింది.

దానికి మళ్లీ గౌరవం తెచ్చింది 20వ శతాబ్దపు సోవియట్, తూర్పు ఐరోపా పరిశోధకులు. అందులో గాలంజిన్, పినోసెంబ్రిన్ వంటి ఫ్లేవనాయిడ్లు ఉన్నట్టు రసాయన శాస్త్రం తేల్చింది. 1977లో పోలండ్‌లో స్టార్జిక్, షెల్లర్ బృందం ఆల్కహాల్‌లో తీసిన ప్రోపోలిస్ సారాన్ని ఏకకణ పరాన్నజీవుల మీద పరీక్షించింది. మనుషులకు సోకే ట్రైకోమోనాస్ వెజైనాలిస్ ప్రయోగశాలలో దాని ధాటికి చచ్చిపోయింది.

పావురాలతో ముడి ఇక్కడే పడింది. 1878లో ఇటలీ శాస్త్రవేత్త రివోల్టా వర్ణించిన ట్రైకోమోనాస్ గాలినే ఈ జీవికి దగ్గరి చుట్టం. అది సోకితే పావురం నోట్లో, గొంతులో పసుపు పచ్చని గడ్డలు కడతాయి. తల్లిదండ్రులు పిల్లలకు పట్టే పావురం పాల ద్వారా, అన్నీ కలిసి తాగే నీటి గిన్నె ద్వారా ఇది పాకుతుంది. 1960ల నుంచి దీనికి నైట్రోఇమిడజోల్ మందులే దిక్కయ్యాయి. అయితే పందెం పావురాలకు అవే మందులు పనిచేయడం లేదని 1990లో నెదర్లాండ్స్ నుంచి లుమై, జ్వీనెన్‌బర్గ్ నివేదించారు. మరోవైపు 2006 జనవరి 1 నుంచి, పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని ఐరోపా సమాఖ్య ఆపేసింది. మందుల మీద అనుమానం పెరిగేకొద్దీ సహజమైన వాటి మీద మోజు పెరిగింది.

అయితే ప్రయోగశాలలో గెలిచిన పదార్థం పక్షి ఒంట్లోనూ గెలవాలని లేదు. పైగా ప్రోపోలిస్ అన్నిచోట్లా ఒకటి కాదు. ఐరోపాలో అది ప్రధానంగా పోప్లార్ మొగ్గల జిగురు; బ్రెజిల్ పచ్చ ప్రోపోలిస్ బకారిస్ అనే పొదది. చెట్టు మారితే రసాయనాలూ మారతాయి, మోతాదు లెక్క తప్పుతుంది. 2010లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ మనుషుల ఆరోగ్యం గురించి వచ్చిన ప్రోపోలిస్ దావాలను ఒప్పుకోలేదు. పదార్థపు కూర్పు సరిగా నిర్వచించలేదన్నది ఒక కారణం. మరో చిక్కు కూడా ఉంది. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా మీద చూపినంత ప్రభావం ప్రోపోలిస్ గ్రామ్ నెగటివ్ వాటి మీద చూపదు. పావురాలను పీడించే సాల్మొనెల్లా ఈ రెండో జాతిదే. మెడ వంకర తిప్పే పారామిక్సోవైరస్‌కు టీకాయే రక్షణ.

మన దేశవాళీ పెట్టె తేనెటీగ ఎపిస్ సెరానాకు ఈ బంక పోగుచేసే అలవాటు లేదు. ఆ అలవాటున్న ఐరోపా తేనెటీగ మన దేశంలో 1960లలో గానీ నిలదొక్కుకోలేదు. కాబట్టి ప్రోపోలిస్‌ను మన పాత ఇంటివైద్యంగా అమ్మజూపితే నమ్మనక్కరలేదు.

చరిత్ర మొత్తం చూస్తే ప్రోపోలిస్ అబద్ధమేమీ కాదు. పుండ్ల మీద పూతగా దానికి వేల ఏళ్ల సాక్ష్యం ఉంది. పావురాల అంటురోగాలకు అసలు మందుగా నిలిచే సాక్ష్యం మాత్రం ఇంకా రాలేదు. హైదరాబాద్ పాతబస్తీ మిద్దెల మీదైనా, మరెక్కడైనా పావురాలు పెంచేవారు గొంతులో గడ్డ కనిపిస్తే ముందు పశువైద్యుడి చేత నోటి స్రావాన్ని మైక్రోస్కోప్ కింద పరీక్ష చేయించాలి. జబ్బేమిటో తేలాకే మందు మాట. ప్రోపోలిస్ వాడినా ఆ చికిత్సకు తోడుగానే వాడాలి.