జ్వరం మన్యానికి కాపలా కాసిందా?

చలిజ్వరమే లేకపోతే మన కొండలు ఎప్పుడో పైవాళ్ళ చేతుల్లోకి పోయేవన్న మాట మన ఊళ్ళలో వింటుంటాం. ఆ మాటలో కొంత గర్వం ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ ఆ కాపలాకు కూలి ఎవరు చెల్లించారో కూడా చరిత్రలో చూడాలి.

1879–80లో రంప తిరుగుబాటును అణచడానికి వచ్చిన సిపాయిలు, పోలీసులు చాలామంది జ్వరాన పడ్డారు. 1922–24లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల వెంట పడ్డ బలగాలను కూడా గూడెం కొండల్లో జ్వరం వదల్లేదు. ఏజెన్సీకి బదిలీ అంటే ఉద్యోగులకు శిక్షే. మన్యపు గాలీ నీరూ చెడ్డవని వాళ్ళు నమ్మారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడ్డగాలి.

తప్పు గాలిది కాదని తేలింది మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ పొట్టను కోసి, గోడలో మలేరియా క్రిమి పెరుగుతుండగా చూశాడు. దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం అలా బయటపడింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మరి పైవాళ్ళను పడగొట్టిన జ్వరం మనవాళ్ళను ఎందుకు అంతగా పడగొట్టలేదు? మన రక్తంలో మహిమ ఉండి కాదు. పుట్టిన ఏడాది నుంచీ మళ్ళీ మళ్ళీ జ్వరం వచ్చి, బతికి బయటపడ్డవాళ్ళకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. బతకని పిల్లలు లెక్కలోకి రారు. తొలిచూలు గర్భిణికి ఆ శక్తి కూడా తగ్గిపోతుంది. సిపాయి జ్వరం సర్కారు కాగితాలకెక్కింది. మన తల్లుల కడుపుకోత ఏ కాగితానికీ ఎక్కలేదు.

పోనీ, ఆ కాపలా అయినా సరిగ్గా సాగిందా? జ్వరం ఉధృతంగా ఉన్న రోజుల్లోనే కల్లు గుత్తేదారు కొండెక్కాడు, షావుకారు అప్పుల పద్దుతో వచ్చాడు. రంప తిరుగుబాటుకు వాళ్ళ దోపిడీ ఒక కారణం. గిరిజనుల భూమి పరుల పాలు కాకుండా 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తేవలసి వచ్చింది. దోమ సిపాయిని ఆపిందేమో గాని ప్రామిసరీ నోటును ఆపలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అంతకుముందు దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా సోకి, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. ఇళ్ళ గోడలకు డిడిటి కొట్టడంతో 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగింది. పోయిందనుకుని పట్టు సడలించారు, దోమలకు మందు అలవాటు పడింది. 1976లో కేసులు 64 లక్షలకు పెరిగాయి.

కొండల్లో ఇంకో చిక్కు ఉంది. మైదానం కోసం రాసిన పాఠం ఇక్కడ సరిపోదు. మురుగు కాలువ లేని ఊళ్ళో దోమ ఎక్కడిదని అడుగుతారు. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే కొండదోమ మురుగులో పెరగదు. మెల్లగా పారే గెడ్డ అంచున, గడ్డి ఆనిన తేటనీటిలో గుడ్లు పెడుతుంది. కాబట్టి జ్వరం వచ్చిన ఊరు మురికి ఊరని నిందించడం తప్పు. అలాగే, మందు కొట్టిన గోడను పండక్కి ఎర్రమట్టితో అలికితే మందు మట్టి కిందికి పోతుంది. ఈ సంగతి ముందే చెప్పి, పండగ చూసుకుని మందు కొడితే మన ఆచారమూ నిలుస్తుంది, మందూ పనిచేస్తుంది.

హిమాలయాల కింద తరాయి అడవుల్లో థారూ ఆదివాసులదీ ఇలాంటి చరిత్రే. డిడిటి వచ్చి మలేరియా తగ్గాక బయటివాళ్ళు వెల్లువలా వచ్చారు, థారూలు భూములు పోగొట్టుకున్నారు. దీన్నిబట్టి జ్వరమే మేలని అనుకోకూడదు. జ్వరం తగ్గే చోట భూమికి చట్టం కాపలా గట్టిగా ఉండాలి. మనకు 1959 భూబదలాయింపు నిబంధనలు, వాటికి పదును పెట్టిన 1/70 ఉన్నాయి. భూమికి అవి కాపలా. బిడ్డకు దోమతెర కాపలా.

ఉపాధ్యాయులు ఈ రెండు పాఠాలూ కలిపి చెప్పాలి. దోమతెరను చేపల వలగా, కంచెగా వాడకుండా రాత్రి పడుకునే చోటే కట్టాలి. పోడు కాపలాకు వెళ్ళినా వెంట తీసుకెళ్ళాలి. చలి, వణుకు, జ్వరం కనబడిన రోజే ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించాలి. మన ఏజెన్సీలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కితే రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో మానకూడదు. పూజ చేయించుకునేవారు చేయించుకోవచ్చు. పరీక్ష మాత్రం దానికోసం ఆగకూడదు.

మన పెద్దలు విల్లంబులతో కాపాడిన కొండలివి. వాటికి కాపలా కాసిన ఘనత దోమకు ఇవ్వవద్దు.