పదిహేడోది

రేకుల మీద వాన దంచుతోంది. శనివారం రాత్రి పదకొండున్నర. విజయవాడ ఆటోనగర్‌లో షట్టర్లన్నీ దిగిపోయాయి. వెనక సందులో ఒక్క షెడ్డులోనే ఇంకా లైటు వెలుగుతోంది. బల్బు కింద జీపు. చక్రాలు నాలుగూ ఉన్నాయి. స్టీరింగూ ఉంది. బానెట్ మాత్రం గోడకి చేరగిలబడి ఉంది. డ్రైవర్ సీటు ఉండాల్సిన చోట బోర్లించిన పెయింటు డబ్బా ఉంది.

ఆ డబ్బా మీదే కూర్చున్నాడు మేనల్లుడు. చేతిలో నోటుబుక్కు. అట్ట నూనె తాగి తాగి నల్లబడిపోయింది. లోపల ఆరేళ్ల లెక్క. ఏ రోజు ఏ నట్టు విప్పారో, లేత్ షాపులో ఎంత ఇచ్చారో, టింకరింగ్‌కి ఎన్ని రోజులు పట్టిందో, అన్నీ గుండ్రటి అక్షరాల్లో. ఒక్కో పేజీ తిప్పుకుంటూ చివరిదాకా వచ్చాడు. ఆగాడు.

పైన రెండే మాటలు: మిగిలిన పని. కింద ఒకటి నుంచి పదిహేడు దాకా అంకెలు.

కుర్రాడు తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. పర్రుమని చప్పుడు. ఆ చప్పుడుని వాన మింగేసింది.

మావయ్య మంచివాడే. అదే చిక్కు. కొనేవాడు అడక్కుండానే లొసుగులన్నీ వల్లించేస్తాడు. ఫోన్లో ఖాయమైన రేటు 2,80,000. ఈ పేజీ చూపిస్తే అందులో ఎంత మిగులుతుంది? చించిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. తెల్లారితే హైదరాబాద్ నుంచి పార్టీ వస్తోంది.

2023 జులై. ఆషాఢం. "ఆషాఢంలో బండి ఎవరు కొంటారండీ?" అని పొద్దున్నే అత్తయ్య గొణిగింది. "ఇది బండి కాదు లేవే, సగం బండి. దీనికి మూఢాలూ ఆషాఢాలూ అంటవు," అన్నాడు పెద్దాయన.

ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్. బ్రేకు చూడకుండా ఏ బస్సునీ గేటు దాటనివ్వని మనిషి. రిటైరయ్యాక, 2017లో, ఓ ప్రభుత్వ శాఖ వేలంలో ఈ జీపు పాడుకున్నాడు. మహీంద్రా ఎంఎం 540, 1989 మోడల్. 2112 సీసీ డీజిల్ ఇంజను, ప్యూజో డిజైను. ఒకప్పుడు ఏ తాలూకా ఆఫీసు ముందు చూసినా, ఏ ఏజెన్సీ ఘాటు రోడ్డు మీద చూసినా ఇలాంటి జీపే. ఇప్పుడు ఆ వేలాలూ లేవు. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ బండి 15 ఏళ్లు దాటిందంటే రిజిస్ట్రేషన్ రద్దు, నేరుగా తుక్కుకే. ఇది ముందే బయటపడింది కాబట్టి బతికింది.

బతికించిన మనిషికే ఇప్పుడు వంగడం కావట్లేదు. నెల కిందట గేర్ బాక్సు కిందికి దూరాడు. మోకాలు పట్టేసింది. నలభై నిమిషాలు అలాగే వెల్లకిలా పడుకుని, ముక్కు మీద చుక్క చుక్కగా పడుతున్న నూనె తుడుచుకుంటూ, వీధి వినకుండా చిన్న గొంతుతో పెళ్లాన్ని పిలుస్తూ ఉండిపోతే, చివరికి ఆవిడే వచ్చి రెండు కాళ్లూ పట్టుకుని బయటికి లాగింది. ఆ సాయంత్రమే అన్నాడు, అమ్మేద్దామని. తర్వాత రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆదివారం ఏడున్నరకి లారీ వచ్చి సందు మొదట్లో ఆగింది. దిగినవాడికి ముప్పై ఏళ్లుంటాయేమో. బురద చూసి తప్పుకోలేదు, చూసుకుని మరీ తొక్కాడు. జేబులోంచి మూడు వస్తువులు తీశాడు. టార్చి. ఎమ్రీ కాగితం. చిన్న అయస్కాంతం.

మేనల్లుడి గొంతు ఎండిపోయింది.

అయస్కాంతం బాడీ అంతా తిరిగింది. రేకు ఉన్నచోట టక్కున అతుక్కుంటుంది. పుట్టీ మందంగా ఉంటే జారిపోతుంది. ఎక్కడా జారలేదు. కుడివైపు మడ్‌గార్డు దగ్గర ఒక్కసారి తడబడి, మళ్లీ పట్టుకుంది. చాసిస్ మీద తుప్పుని ఎమ్రీతో రుద్ది, సుద్దముక్క రాసి, టార్చి పక్కనుంచి కొట్టి నెంబరు చదివాడు. ఆర్సీతో పోల్చాడు. కలిసింది. రిజిస్ట్రేషన్ గడువు మాత్రం దాటిపోయి ఉంది. ఆలస్యానికి నెలకు 500, రెన్యువల్‌కి 5,000. ఆ తర్వాత తెలంగాణ తీసుకెళ్లాలంటే ఇక్కడి ఆఫీసు నుంచి ఎన్‌వోసీ. వేళ్ల మీద లెక్కేసుకున్నాడు.

"వింటేజ్ అన్నారు ఫోన్లో," అన్నాడు తల తిప్పకుండా.

"అవునండీ, పాత మోడల్ కదా," అన్నాడు మేనల్లుడు.

"వింటేజ్ అంటే యాభై ఏళ్లు దాటాలండీ. 2021లో రూల్ వచ్చింది. దీనికి ముప్పై నాలుగే."

కుర్రాడి చెవులు వేడెక్కాయి. ఇంకేం బయటపడుతుందో. చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి వెళ్లింది.

పెద్దాయన అప్పుడే టీ తెస్తానని ఇంట్లోకి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నాడు: "సెల్ఫ్ ముట్టుకోకండి. పంపు సంగతి మాట్లాడాకే." కొనే అతను గొట్టాలు చూస్తున్నాడు. వినలేదు. మేనల్లుడు విన్నాడు.

"రన్నింగేనా ఇంజను?"

"బ్రహ్మాండమైన రన్నింగ్. రెండేళ్ల కిందటే బోరు చేయించాం."

"అంకుల్ రానీయండి, చూద్దాం."

"దానికి మావయ్య ఎందుకండీ? రాత్రే ఎయిర్ తీసి పెట్టా."

హీటర్లు ఇరవై సెకన్లు పట్టాడు. సెల్ఫ్ కొట్టాడు. గర్ర్, గర్ర్, గర్ర్. ఒక్క దగ్గు. తెల్లటి పొగ. మరో దగ్గు. పట్టుకుంది. షెడ్డు రేకులు, బెంచీ మీద స్పానర్లు, గోడకి కొట్టిన క్యాలెండరు మేకు, అన్నీ ఒకేసారి వణకడం మొదలెట్టాయి. మేనల్లుడు నవ్వాడు. కొనే అతనూ నవ్వాడు.

అప్పుడు శబ్దం మారింది.

ఎవరూ యాక్సిలరేటర్ తొక్కలేదు. అయినా ఇంజను లేచింది. ఇంకా లేచింది. పొగ నల్లబడింది. మేనల్లుడు స్టాప్ కేబుల్ లాగాడు. చేతికి వదులుగా వచ్చేసింది, ఇంజను ఆగలేదు. తాళం చెవి తిప్పాడు. ఆగలేదు. గేరేసి ఆపుదామంటే ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ విప్పి మూలన పడున్నాయి. అరుపు కీచుగా మారింది. ఫ్యాను కనిపించడం మానేసింది.

పెట్రోల్ ఇంజనుకి నిప్పురవ్వ కావాలి, కరెంటు తీసేస్తే ఆగిపోతుంది. డీజిల్‌కి అక్కర్లేదు. లోపలి ఒత్తిడి వేడికే మండుతుంది. డీజిల్, గాలి అందుతున్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఈ పంపులో రెండేళ్లుగా డీజిల్ నిలవుండి జిగురెక్కింది. ఎంత వదలాలో కొలిచే ముక్క పూర్తిగా తెరుచుకున్న చోటే బిగుసుకుపోయింది. ఇక మిగిలింది గాలి ఒక్కటే. గాలి గొట్టం నోరు తెరుచుకుని బుసకొడుతోంది. మేనల్లుడు అరచెయ్యి దాని వైపు చాచాడు.

"చెయ్యి తియ్యరా!"

గుమ్మంలో టీ గ్లాసులు పగిలాయి. నెల రోజులుగా మెట్టు దిగడానికి గోడ పట్టుకుంటున్న మనిషి, ఏ కాలు ముందు పడుతోందో ఏ కాలు వెనక పడుతోందో చూసుకోకుండా, నూనె మడుగు దాటి, స్పానర్ల బెంచీని తుంటితో తోసేసి, తను రోజూ కూర్చునే చెక్క పీట ఎత్తి గొట్టం నోటి మీద అదిమిపెట్టి దాని మీద ఒళ్లంతా వేశాడు. పీట గజగజలాడింది. ఇంజను ఒక్కసారి ఊపిరి లాక్కుంది. వణికింది. ఆగింది.

వాన చినుకుల చప్పుడు మళ్లీ వినబడింది.

కొనే అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. టార్చి జేబులో పెట్టుకున్నాడు. అయస్కాంతం పెట్టుకున్నాడు. ఏమీ అనకుండా గేటు వైపు నడిచాడు.

"బాబూ."

ఆగాడు, వెనక్కి తిరగకుండా.

"వెళ్దువుగాని. చెప్పాల్సింది చెప్పనీ. ఒరేయ్, నోటుబుక్కు ఇలా ఇవ్వు."

మేనల్లుడు ఇచ్చాడు. పెద్దాయన చివరి పేజీ కోసం తిప్పాడు. మళ్లీ తిప్పాడు. పుస్తకం మధ్యలో చిరిగిన అంచు వేలికి తగిలింది. ఆ అంచుని ఒకసారి నిమిరాడు. ఎవరి మొహమూ చూడలేదు. పుస్తకం మూసి, కళ్లూ మూసుకున్నాడు.

"రాసుకో బాబూ. ఒకటి, వైరింగు. ఎలకలు కొరికాయి, మొత్తం కొత్తది లాగాలి. రెండు, షాఫ్టు క్రాసులు. మూడు, ఇందాక చూశావుగా, పంపు విప్పాలి. నాలుగు, ఫోర్ వీల్ లివరు. హైలో పడుతుంది, లోలో పడదు. ఐదు, కింగ్ పిన్ బేరింగులు. ఆరు, వెనక కమాన్ కట్టలో రెండో పట్టీ విరిగింది..."

కొనే అతను తిరిగొచ్చాడు. ఫోన్ తీసి కొట్టుకోవడం మొదలెట్టాడు. ఏడు. ఎనిమిది. రేడియేటర్ కింది ట్యాంకు. డైనమో బుష్షులు. పెద్దాయన ఒక్కో అంకెకీ జీపులో ఆ చోటు తడిమి చూపిస్తున్నాడు, పురోహితుడు అంగన్యాసం చేసినట్టు. పన్నెండు. పదమూడు. పదహారు దగ్గర ఆగాడు.

"ఇంకొకటి ఉంది. పదిహేడు."

కణతలు నొక్కుకున్నాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "రాశాను. మొన్న గురువారం రాత్రే రాశాను. ఏంటది?"

మేనల్లుడి చొక్కా జేబులో ఉంది అది. నాలుగు మడతల్లో. నోరు తెరిస్తే చాలు. తెరిస్తే పేజీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. తెరవలేదు.

"పోనీండి అంకుల్. పదహారు చెప్పినవాళ్లు పదిహేడోది దాస్తారా?" అన్నాడు కొనే అతను.

పెద్దాయనే లెక్క కట్టాడు. తనే తగ్గించాడు. "రెండు పది ఇవ్వు. అంతకంటే ఎక్కువ తీసుకుంటే నాకు నిద్ర పట్టదు." అతను బేరమాడలేదు. ఫారం 29, ఫారం 30 తడి బెంచీ మీదే సంతకాలయ్యాయి. అత్తయ్య మళ్లీ టీ పెట్టింది, ఈసారి స్టీలు గ్లాసుల్లో.

పదకొండు గంటలకి వాన తెరిపిచ్చింది. లారీ వెనక్కి వచ్చింది. తొట్టి అంచు నుంచి నేల దాకా రెండు మందపాటి చెక్కలు వాల్చారు. ఆరుగురు కూలీలు పైనుంచి తాడు పట్టారు. కొత్త యజమాని పెయింటు డబ్బా మీద కూర్చుని స్టీరింగ్ పట్టాడు. పెద్దాయన వెనక నిలబడి తోస్తున్నాడు. వద్దంటే వినలేదు. ఆరేళ్లు తోశాను, ఈ ఆరడుగులకేనా అన్నాడు.

"హైలెస్సా!" ముందు చక్రాలు ఎక్కాయి. "హైలెస్సా!" వెనక చక్రాలూ చెక్కల మీదికి వచ్చాయి. తడి చెక్క. సగం దారి. తాడు అరచేతుల్లో జారుతోంది.

"సార్, బ్రేకు పట్టండి! చేతులు మార్చుకుంటాం!"

అతను తొక్కాడు. పెడల్ గట్టిగా నిలబడింది. జీపు నిలబడింది. కూలీలు తాడు సడలించారు.

ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల్ని పట్టదు, షాఫ్టుని పడుతుంది. షాఫ్టు మూలన పడుంది. ఇప్పుడు జీపుని ఆపుతున్నది ఒక్క ఫుట్ బ్రేకే. దాని వెనక ఒక ముసలాయన, రెండు చేతులూ టెయిల్ బోర్డు మీద పెట్టుకుని, మోకాళ్ల మీద బరువేసి.

పక్కన నిలబడ్డ మేనల్లుడి కళ్ల ముందు ఆ గుండ్రటి అక్షరాలు మెదిలాయి. పదిహేడు. మాస్టర్ సిలిండర్. పెడల్ మొదట నిలబడుతుంది, తర్వాత దిగిపోతుంది.

"బ్రేకు లేదు! మావయ్యా, తప్పుకో! బ్రేకు లేదు!"

అరుస్తూనే వంగాడు. గేటు పక్కన తలుపుకి ఆనించే నల్లరాయి, రెండు చేతులకీ పట్టే రాయి, ఎత్తుకుని పరిగెత్తాడు. పెడల్ దిగుతోంది. చక్రం ఒక అంగుళం వెనక్కి జరిగింది. ఇంకో అంగుళం. రాయి చెక్క మీద పడింది. టైరు దాని మీదికి ఎక్కబోయి, కీచుమని, ఆగింది.

తాడు మళ్లీ బిగిసింది. "హైలెస్సా!" జీపు తొట్టిలోకి ఎక్కి కూర్చుంది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కొత్త యజమాని కిందికి దిగాడు. మేనల్లుడు జేబులోంచి మడతల కాగితం తీసి అతని చేతికిచ్చాడు. చెమటకి ఇంకు అలుక్కుపోయినా పదిహేడూ చదవడానికి వస్తున్నాయి. అతను పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కాగితం వైపు చూడలేదు.

"బ్రేకు," అన్నాడు తనలో తనే. "బ్రేకు మర్చిపోయానా నేను!"

కాగితం నోటుబుక్కులోకి, నోటుబుక్కు లారీ క్యాబిన్‌లోకి వెళ్లాయి. ఇంజను మోగింది. సందు మలుపులో తొట్టి మీంచి ఎర్రటి రెడాక్సైడ్ ఫ్రేము ఒక్కటే కాసేపు కనిపించింది. తర్వాత అదీ లేదు.

మేనల్లుడు అక్కడే నిలబడి ఉన్నాడు. చెక్క మీంచి తీసిన రాయి రెండు చేతుల్లోనూ ఉంది. చేతులు వణుకుతున్నాయి.

పెద్దాయన పక్కకొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"దించరా. బండి వెళ్లిపోయింది."