నొక్కినా వినని యంత్రం

ఫోను బాగానే ఉంటుంది. ఎత్తితే డయల్ టోన్ వస్తుంది, గంట మోగుతుంది, అవతలివాళ్ల మాట స్పష్టంగా వినిపిస్తుంది. రైలు వివరాలకో బ్యాంకు నిల్వకో నంబరు కలిపితే రికార్డు చేసిన గొంతు మొదలుపెడుతుంది: దీనికి ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి. ఒకటి నొక్కుతాం. మళ్లీ అదే పాఠం. ఈసారి వేలు నొప్పెట్టేలా నొక్కుతాం. మళ్లీ అదే. చివరికి మనం ఏమీ ఎంచుకోలేదని తీర్మానించి యంత్రమే ఫోను పెట్టేస్తుంది. ల్యాండ్‌లైన్ రోజుల్లో లైన్‌మన్‌కు ఈ సంగతి చెబితే ఆయన తన ఫోను తగిలించి చూసి, ‘లైను బాగానే ఉందండీ’ అని వెళ్లిపోయేవాడు. ఆయన చెప్పిందీ నిజమే.

ఈ చిక్కు ముడి పడింది పందొమ్మిదో శతాబ్దంలో. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారి. తనకు రావాల్సిన కాల్స్‌ను ఆపరేటరు పోటీదారుడికి కలుపుతోందని అనుమానించి, అసలు ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజిని కనిపెట్టాడని కథగా చెప్పుకుంటారు. 1891లో పేటెంటు వచ్చింది. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో ఎక్స్ఛేంజి నడిచింది. గుండ్రంగా తిప్పే డయల్ మరికొన్నేళ్లకు వచ్చింది. డయల్ వెనక్కి తిరిగేటప్పుడు లైనులో కరెంటును సెకనుకు సుమారు పదిసార్లు తెంపుతుంది. మూడు తిప్పితే మూడు తెంపులు, సున్నా తిప్పితే పది. ఎక్స్ఛేంజిలోని యంత్రం వాటిని లెక్కపెట్టుకుని మెట్టు మెట్టుగా కదులుతుంది. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో వచ్చింది. స్వాతంత్య్రం వచ్చాక బెంగళూరులో పెట్టిన ఐటీఐ కర్మాగారంలోనూ స్ట్రోజర్ పద్ధతి సామగ్రే తయారైంది.

ఈ తెంపుల సంగతి ఎక్స్ఛేంజి దగ్గరే ముగిసిపోతుంది. అవి అవతలి ఫోను దాకా వెళ్లవు. కాల్ కలిశాక డయల్ తిప్పితే అవతలివారి చెవిలో టకటకమని చప్పుడు పడుతుందంతే. అందులో తప్పేమీ లేదు. అవతల మనిషే ఉంటాడన్న కాలమది. మనిషికి అంకెలు వినిపించాల్సిన పనేముంది, నోటితోనే చెప్పొచ్చు కదా.

1963 నవంబరు 18న పెన్సిల్వేనియాలోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ ఊళ్లలో బెల్ సంస్థ మీటల ఫోన్లను వాడకందారులకు ఇచ్చింది. ఇందులో ఒక్కో మీటకు రెండేసి స్వరాలు. అయిదు నొక్కితే 770 హెర్ట్జ్, 1336 హెర్ట్జ్ ఒకేసారి మోగుతాయి. ఒక్క స్వరమే అయితే మాటల్లోనో ఈలలోనో అది పొరపాటున పలికే ప్రమాదం ఉంది. సరిగ్గా ఈ జంటను మనిషి గొంతు పలకడం అరుదు. మొదట పది మీటలే. నక్షత్రం, హ్యాష్ గుర్తులు 1968లో చేరాయి. నంబరు త్వరగా కలపడానికని చేసిన ఏర్పాటు అది. కానీ స్వరం మాటలాగే తీగ వెంట అవతలి చివరిదాకా పోతుంది. ‘ఒకటి నొక్కండి’ అనే యంత్రాలు బతుకుతున్నది ఈ గుణం మీదే.

మన ఇళ్లకు మీటల ఫోను వచ్చిన తీరులోనే అసలు తిరకాసు ఉంది. 1980లలో ఫోన్ల తయారీలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చారు. నల్లటి బరువైన డయల్ ఫోన్ల స్థానంలో రంగురంగుల మీటల ఫోన్లు వచ్చాయి. ఎక్స్ఛేంజిలు మాత్రం చాలాచోట్ల స్ట్రోజర్, క్రాస్‌బార్ రకాలే. వాటికి స్వరాలు తెలియవు. అందుకని ఆ ఫోన్లు పైకి మీటలు చూపిస్తూ లోపల పాత డయల్ పనే చేసేవి: మూడు నొక్కితే మూడు తెంపులు. ఫ్రెంచి ఈ10బి ఎక్స్ఛేంజిలు, 1984లో పుట్టిన సీడాట్ సంస్థ ఎక్స్ఛేంజిలు వచ్చి స్వరాలను అర్థం చేసుకున్నా, ఫోను అడుగున ఉన్న ‘పి’ (పల్స్, అంటే తెంపులు), ‘టి’ (టోన్, అంటే స్వరాలు) అనే చిన్న మీట ‘పి’ దగ్గరే ఉండిపోయింది. కాల్స్ కలుస్తున్నాయి కనుక దాన్ని కదిపే అవసరం ఎవరికీ కలగలేదు. ఫోను ఒక తరానిది, ఎక్స్ఛేంజి ఇంకో తరానిది, జవాబిచ్చే యంత్రం మరో తరానిది. నింద మాత్రం నొక్కిన మనిషికి. నన్నడిగితే, వాడేవాడికి చేతకాదని నింద పడిన యంత్రాల్లో సగానికి ఇదే జాతకం.

ఆ మీటను ‘టి’ వైపు జరిపితే చాలా ఇళ్ల సమస్య అక్కడే తీరేది. ఎక్స్ఛేంజి పాతదైతే దానికీ దారుంది: నంబరు ‘పి’లోనే కలిపి, యంత్రం పలికాక నక్షత్రం నొక్కితే, ఎన్నో ఫోన్లు ఆ ఒక్క కాల్‌కు స్వరాల్లోకి మారేవి. డబ్బాలోని కాగితంలో ఇది రాసే ఉండేది, చదివినవాళ్లు తక్కువ. తిప్పే డయలే ఉన్నవాళ్ల కోసం అమెరికాలో అరచేతిలో పట్టే స్వరాల పెట్టె అమ్మేవారు. దాన్ని మాట్లాడే గొట్టానికి ఆనించి నొక్కాలి.

ఇంకో విచిత్రమైన తెగులు అమెరికా తొలి తరం మీటల ఫోన్లది. ఇంటికొచ్చే రెండు తీగల్లో ఏది ధనం, ఏది రుణం అన్నది తారుమారైతే మాట వినిపిస్తుంది, గంటా మోగుతుంది, మీటలు మాత్రం మూగబోతాయి. గోడమీది పెట్టెలో రెండు తీగలను అటూ ఇటూ మారిస్తే సరి. ఇంతకన్నా మోసకారి రకం ఒకటుంది. కొన్ని ఎక్స్ఛేంజిలు అవతల ఫోను ఎత్తగానే ఆ ధన రుణాలను తామే తిప్పేసేవి. అప్పటిదాకా చక్కగా నంబరు కలిపిన మీటలు, సరిగ్గా యంత్రం జవాబిచ్చిన క్షణాన ఆగిపోయేవి! తీగలు ఎలా కలిపినా పనిచేసే సర్క్యూటును తర్వాతి ఫోన్లలో అమర్చాక ఆ పీడ పోయింది.

మిగిలిన జబ్బులు మనకు తెలిసినవే. వానకు స్తంభం మీద తీగలు పంచే డీపీ పెట్టెలో అతుకు తడిస్తే గరగర. ఆ రొదలో యంత్రం స్వరాన్ని పోల్చుకోలేదు. పక్కగదిలోని ఎక్స్‌టెన్షన్ ఎత్తి ఉంటే కరెంటు పంచుకుపోయి స్వరం నీరసపడుతుంది. తప్పు ఇంట్లోనా బయటా అన్నది తేల్చడానికి అనుభవజ్ఞుడైన లైన్‌మన్ ఎక్స్‌టెన్షన్లన్నీ పీకించి, ఒకే ఒక్క ఫోనును, లైను ఇంట్లోకి చేరే రోసెట్ పెట్టె దగ్గర నేరుగా తగిలించి వినేవాడు. గరగర పోతే తప్పు ఇంటి తీగల్లో, పోకపోతే బయటి లైనులో. ఇప్పటికీ ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఫోను చెడితే 198 నంబరుకు ఫిర్యాదు చేయడమూ యంత్రం చేతికి వెళ్లాక తమాషా పూర్తయింది. చచ్చిన ఫోను గురించి చెప్పాలంటే పొరుగింటికి వెళ్లి, వాళ్ల ఫోనులో మన నంబరు నొక్కాల్సివచ్చేది. వాళ్లది ‘పి’లో ఉంటే అదీ లేదు.

వేలితో పనిలేకుండా మాటనే గుర్తుపట్టించాలని 1952లోనే బెల్ ల్యాబ్స్‌లో ‘ఆడ్రీ’ అనే యంత్రాన్ని చేశారు. నోటితో చెప్పిన అంకెలను, అదీ అలవాటైన గొంతు పలికితేనే, బాగా పోల్చుకునేది. 1992లో ఏటీ అండ్ టీ ఆపరేటర్ల పనికి పెట్టిన ఏర్పాటు అయిదు రకాల మాటలు గుర్తుపట్టేది. ఆ అయిదింటికే ఎందరో ఆపరేటర్ల కొలువులకు ఎసరొచ్చింది.

ఇప్పుడు రాగి తీగ పోయి ఫైబరు వచ్చింది. తెగులు పోలేదు, వేషం మార్చింది. ఇంటర్నెట్ ఫోనులో మాటను కుదించి పంపుతారు. ఆ కుదింపు గొంతుకు సరిపోతుంది కానీ రెండు స్వరాల జంటను చెడగొట్టవచ్చు. అందుకే ఇంట్లోని ఫైబరు పెట్టె స్వరాన్ని తానే విని, ‘అయిదు నొక్కారు’ అని విడిగా ఒక సందేశం పంపుతుంది. ఈ పద్ధతికి 2000లో ప్రమాణం రాశారు. సందేశంతోపాటు అసలు స్వరం కూడా కాస్త జారి అవతలికి చేరితే, యంత్రం అయిదును రెండుసార్లు వింటుంది. మీ ఖాతా సంఖ్య తప్పని చెబుతుంది. అలా జరిగితే మీటను గట్టిగా నొక్కి లాభం లేదు, పెట్టె సెట్టింగుల్లో డీటీఎంఎఫ్ (ఈ రెండు స్వరాల పద్ధతి పేరే అది) అన్న వరుస ఎలా ఉందో చూడమని కనెక్షన్ ఇచ్చినవారిని అడగాలి.