హంద్రీ మీద ఒక పేరు

కర్నూలు జిల్లా గోనెగండ్ల మండలంలో హంద్రీకి అడ్డంగా కట్టిన జలాశయానికి ప్రభుత్వ కాగితాల్లో ఉన్న పేరు సంజీవయ్య సాగర్. రైతుల నోట మాత్రం అది గాజులదిన్నె, పత్రికలకు జీడీపీ. ఈ ప్రత్యేక సంచికలో ప్రాజెక్టు చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా నీటి లెక్కలతో మొదలుపెడతాం: కట్టినప్పటి నాలుగున్నర టీఎంసీల నిల్వ, పాతిక వేల ఎకరాలకు కాస్త అటూ ఇటూ ఆయకట్టు. ఆ లెక్కలు కావలసినవే. కానీ ఈ కట్టకు ఆ పేరెందుకు పెట్టారన్నది కూడా దీని చరిత్రలో భాగమే. దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ముందుకు వచ్చిన పథకం ఇది. పూర్తయ్యేనాటికి ఆయన లేరు. అందుకే చౌరస్తాలో నిలబెట్టే విగ్రహాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టలేం. విగ్రహం మనిషి రూపాన్ని గుర్తుచేస్తుంది, ఈ కట్ట ఆయన తలపెట్టిన పనిని చూపిస్తుంది. మన పడమటి ప్రాంతం ఆయన్ని తలుచుకునే తీరులో ఈ తేడాయే చెరిగిపోయిందన్నది నా వాదన. ఆయన పేదరికాన్నీ వినయాన్నీ కథలుగా దాచుకున్నాం, ఆయన పనిని మరిచిపోయాం. పనిని మరిచిపోయినందువల్లే, ఆయన పోవడంతో మనం ఏం పోగొట్టుకున్నామో సరిగ్గా లెక్క కట్టలేకపోతున్నాం.

జనం చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. ముఖ్యమంత్రి ఊరికొచ్చి చూస్తే తల్లి కట్టెల పొయ్యి ఊదుకుంటూ వంట చేస్తోందట. నీలాగా ఆదుకునే కొడుకులు లేని ముసలితల్లుల సంగతేమిటని ఆమె అడిగిందట. సభల్లో ఈ కథ పొయ్యి దగ్గరే ఆగిపోతుంది, చప్పట్లు పడతాయి. దాని అసలు బలం మాత్రం తరువాతి ముక్కలో ఉంది: రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలైంది ఆయన హయాంలోనే. 1960 జనవరి 11న, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవికి చేరిన తొలి దళితుడు ఆయనే. 1962 మార్చి 12 దాకా, అంటే ఇరవయ్యారు నెలలు, ఆ కుర్చీలో ఉన్నారు. ఆ ఇరవయ్యారు నెలల్లోనే పింఛనుతో పాటు అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది, భూమిలేని పేదలకు లక్షల ఎకరాల బంజరు భూములు పంచే పని జరిగింది. వీటిలో ఏదీ వినయంతో అయ్యే పని కాదు. బంజరు పంచాలంటే ఊరి పెద్దలతో తగవు తప్పదు. అవినీతి నిరోధానికి ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టాలంటే సొంత యంత్రాంగాన్నే అనుమానించగల గుండె కావాలి. మెత్తనివాడని పొగిడేవాళ్లు ఈ గట్టితనాన్ని చూడరు.

దీనికి ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. మంత్రివర్గమూ అధికారులూ కలిసి చేసినదాన్ని ఒక్కడి ఖాతాలో వేయడం న్యాయమా? కాదు. ఏ ముఖ్యమంత్రీ ఒంటరిగా ప్రాజెక్టు కట్టడు. కానీ ఆ రెండేళ్లు పక్కనపెట్టి చూసినా ఆయన ధోరణి మారలేదు. ఢిల్లీలో కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. లాభమొచ్చినా రాకపోయినా కనీసం నాలుగు శాతం బోనస్ ఇవ్వాలన్నది అందులోని ముఖ్యాంశం. పత్తితోనే బతికే ఆదోనిలో, జిన్నింగు, స్పిన్నింగు మిల్లులున్న ఊళ్లో, ఆ మాటకు అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎమ్మిగనూరులో ఇంట్లో మగ్గం మీద కూర్చునే నేతగాడికి మాత్రం ఆ చట్టం చేరలేదు, అదీ ఒప్పుకోవాలి. రాష్ట్రంలో అధికారులు వేరు, కేంద్రంలో వేరు. రెండు చోట్లా ఒకే రకం మనుషుల కోసం పని జరిగిందంటే, అక్కడా ఇక్కడా ఉన్న ఆ ఒక్క మనిషిని లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఇంకో అభ్యంతరం మరీ సూటిది. 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెద్దపాడులో పుట్టి 1972 మే నెలలో ఢిల్లీలో పోయిన మనిషికి యాభయ్యొక్క ఏళ్లు నిండాయి, దాన్ని అకాల మరణమంటారా? ఇంటి లెక్కలో అది నడివయసే కావచ్చు. రాజకీయాల లెక్క వేరు. అదే 1921లో పుట్టిన పి.వి. నరసింహారావు, సంజీవయ్య పోయేనాటికి రాష్ట్ర ముఖ్యమంత్రి. ఆయన ప్రధాని అయ్యింది మరో పంతొమ్మిదేళ్లకు, డెబ్బయ్యో ఏట. మన లద్దగిరివాడైన కోట్ల విజయభాస్కరరెడ్డి 1920లో పుట్టి, 1992లో డెబ్బయి రెండేళ్ల వయసులో రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తరానికి అసలు అధికారం దక్కింది సంజీవయ్యకు దక్కని ఆ ఇరవై ఏళ్లలోనే. తండ్రిని పసికందుగా పోగొట్టుకుని, చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ 1948లో లా పూర్తిచేసి, రెండేళ్లకే తాత్కాలిక పార్లమెంటులో కూర్చున్న మనిషి ఆయన. ఎమ్మిగనూరు ఓటర్లు శాసనసభకు పంపిన మనిషి. ఆయన అంతా తొందరగా చేశారు, పోవడం కూడా తొందరగానే.

అయినా ఆయన్ని రాష్ట్రం నుంచి పంపించింది చావు కాదు, పార్టీయే కదా అనవచ్చు. నిజమే. నీలం సంజీవరెడ్డి ఢిల్లీ నుంచి ముఖ్యమంత్రిగా తిరిగొచ్చారు, సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు. గౌరవమే, కానీ రాయలసీమ చేతిలోంచి జారిన గౌరవం. చనిపోయేనాటికి కూడా ఆయన పార్టీ అధ్యక్షుడే. ఐతే ఆ కాలంలో ఢిల్లీకి వెళ్లినవాళ్లు తిరిగిరావడం కొత్త కాదు, సంజీవరెడ్డి రాకే దానికి సాక్ష్యం. సంజీవయ్యకు ఆ దారి మూసుకుపోయింది 1972లోనే.

ఆయన బతికుంటే పడమటి మండలాల బతుకు మారిపోయేదని చెప్పడం నా ఉద్దేశం కాదు, దానికి రుజువులేదు. హంద్రీ వానల మీద బతికే వాగు. మద్దికెర వైపు చినుకు పడకపోతే అది సాగర్‌ను నింపదు. ఆదోని, ఆలూరు పల్లెలకు దిక్కు తుంగభద్ర దిగువ కాలువ, దాని చివరి తూములకు వంతు నీరు రావడం ఏటా పంచాయితీయే. కోసిగి, పెద్దకడుబూరు నుంచి కుటుంబాలు గుంటూరు మిరపచేలకు సుగ్గికి వలస పోవడం ఇవాళ్టికీ ఆగలేదు. ఇవన్నీ చూసి, కట్టకు పెద్దమనిషి పేరు పెట్టినంత మాత్రాన ఒరిగిందేమిటని విసుక్కునేవాళ్లున్నారు. వాళ్ల విసుగును నేను తప్పుపట్టను. కాకపోతే ఆ ప్రశ్న వేయాల్సింది పేరును కాదు, ఆయన తరువాత కర్నూలు జిల్లా నుంచి వెళ్లి నీటిపారుదల ఫైళ్ల మీద సంతకాలు పెట్టినవాళ్లను. ఎండాకాలంలో సుంకేసుల జలాశయం అడుగంటితే కర్నూలు నగరం తాగడానికి హంద్రీలోకి వదిలేది ఈ సాగర్ నీళ్లనే. దిగువకు పోయే ఆ నీళ్లను చూస్తూ ఆయకట్టు రైతు అడిగేది మాత్రం తన పైరుకు ఈసారి ఎన్ని తడులు మిగిలాయని.